సహస్ర చెప్పిన మేక కథ

నిరుడు వేసవి సెలవులు అయిపోయి స్కూళ్ళు తెరిచిన నెల. మాదాపూర్‌లో మెట్రో స్టేషన్ వెనక సందులో, మొదటి అంతస్తులో ఉంటుంది మా పిల్లల లైబ్రరీ. కింద టిఫిన్ సెంటరు, పైన ఆడపిల్లల హాస్టలు. నేను బోరబండ నుంచి వస్తాను. మొదట ఊడ్చి తుడిచే పనికే చేరాను. పుస్తకాలు సర్దుతూ సర్దుతూ, ఇప్పుడు పిల్లలకు ఇచ్చేదీ, వాళ్ళ దగ్గర తీసుకునేదీ నేనే అయ్యాను.

నేను చదివింది ఏడో తరగతి, తెలుగు మీడియం. మా దగ్గర ఉన్నవేమో ఎక్కువగా ఇంగ్లీషు పుస్తకాలు. ఏ పిల్లకు ఏది ఇవ్వాలో నీకెట్లా తెలుస్తుంది యాదమ్మా అని చాలామంది అడుగుతారు. అందులో పెద్ద విద్యేమీ లేదు. అప్పట్లో పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు పిల్లలు ఆ కథ నాకు చెప్పాల్సిందే. మా దగ్గర అదొక అలవాటుగా ఉండేది. వాళ్ళు చెబుతుంటే విని విని ఆ అరలన్నీ నాకు కథలుగా తెలుసు. విన్నది మర్చిపోయే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు.

ప్రతి పుస్తకం వీపు మీద వయసును బట్టి ఒక రంగు స్టిక్కరు ఉంటుంది. ఆకుపచ్చవి ఇంకా మాటలు సరిగా రాని బుడ్డోళ్ళకు. వాటిని బోర్డ్ బుక్స్ అంటారు, పేజీలన్నీ మందపాటి అట్టలే. ఆ వయసులో చూసేది సగం, నమిలేది సగం కాబట్టి అట్లా చేస్తారు. పసుపు స్టిక్కరువి నాలుగైదేళ్ళ వాళ్ళవి. వాళ్ళకు ఒకే మాట పేజీ పేజీకీ తిరిగి రావాలి. తర్వాత ఏం రాబోతుందో ముందే తెలిసి గట్టిగా అరవడంలోనే వాళ్ళ సంతోషం. నీలం రంగువి ఏడెనిమిదేళ్ళ వాళ్ళకు. అవి చాప్టర్ బుక్స్, అంటే కథను ముక్కలు ముక్కలుగా విడదీసి, బొమ్మలు తక్కువ, రాత ఎక్కువ ఉండేవి. ఎరుపువి పదేళ్ళు దాటిన వాళ్ళకు. ఆ పిల్లలకు మాత్రం నేను ఏదీ చేతికివ్వను. బల్ల మీద నాలుగు పరిచి, వేరే పనున్నట్టు పక్కకు పోతాను. మనం ఇచ్చింది వాళ్ళకు నచ్చదు, వాళ్ళకై వాళ్ళు ఏరుకున్నదే నచ్చుతుంది.

సహస్రకు అప్పుడు ఎనిమిదేళ్ళు. వాళ్ళమ్మ మాధవిగారిది భీమవరం వైపు. ఇక్కడ ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తారు. శనివారం శనివారం ఇద్దరూ వచ్చేవాళ్ళు.

"నీలం రంగులోనే ఇవ్వండి యాదమ్మగారూ. వాళ్ళ క్లాసు పిల్లలందరూ చాప్టర్ బుక్స్‌లోకి వెళ్ళిపోయారండి" అన్నారు ఆమె. ఇచ్చాను.

మరుసటి శనివారం ఆ పిల్ల నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. "ద స్టోరీ ఈజ్ అబౌట్ ఫ్రెండ్‌షిప్ అండ్ కరేజ్" అని మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా చివరిదాకా అప్పజెప్పింది. ఏ పిల్లా నాకు కథ అట్లా చెప్పలేదు. పిల్లలెప్పుడూ మధ్యలో అందుకుంటారు, నచ్చిన చోట అక్కడక్కడే తిరుగుతుంటారు.

"మరి ఆ కథల పిల్లగాడు ఎందుకేడ్చిండు బిడ్డా?" అని అడిగాను.

సహస్ర వాళ్ళమ్మ వైపు చూసింది. ఆమె చప్పుడు కాకుండా పెదవులతోనే జవాబు అందించబోయారు.

కొన్ని వారాలు ఇదే వరస. ఆ తర్వాత ఒక శనివారం పిల్ల పైకే రాలేదు. కడుపు నొప్పని మెట్ల మీద కూర్చుండిపోయింది. మాధవిగారు ఒక్కరే వచ్చి పుస్తకం బల్ల మీద పెట్టారు.

"ఈ నెలతో మెంబర్‌షిప్ ఆపేద్దామనుకుంటున్నానండి. దీనికి పుస్తకాలంటే ఇష్టం లేదు. ఈ టైములో అబాకస్‌కి పంపితే లెక్కలన్నా వస్తాయి."

నేను కిందికి దిగి సహస్ర పక్కన కూర్చున్నాను. "నిజంగ నొస్తుందా? నాతోని చెప్పొచ్చు."

చెప్పుల వైపు చూస్తూ అంది. "అమ్మ ఫోన్లో సమ్మరీ తీసి ఇస్తుంది ఆంటీ. శుక్రవారం మొత్తం అదే బట్టీ పడతా. మీరు మధ్యలో నుంచి అడిగితే నాకు రాదు."

"మరి పుస్తకం?"

"అది చదవలేదు. సమ్మరీ చదవాలి కదా, ఇంక టైమెక్కడుంటుంది?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను, ఎందుకంటే దాని కళ్ళలో నీళ్ళున్నాయి. వెనక మెట్ల మీద మాధవిగారు నిలబడి అంతా విన్నారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆమె కూడా ఒక మెట్టు మీద కూర్చున్నారు.

"మేం చదివింది అలాగేనండి. టెన్త్ కాగానే హాస్టల్లో వేశారు. పొద్దున్న లేస్తే బట్టీ. కథల పుస్తకం కనపడితే వార్డెన్ లాక్కునేది. మీరు కథ అడుగుతారంటే, అందరి ముందూ ఇదెక్కడ తప్పుతుందోనని నాకు భయమేసిందండి."

"పరీక్ష కాదు మేడం, నాకు కథలిష్టం, గంతే" అన్నాను. "జర నెలాఖరు దాకా ఆగుండ్రి. ఈసారి నేనేం అడగ. మీరు గూడ ఏం అడగొద్దు. దానికి ఏది మంచిగనిపిస్తే అది తీస్కోనియ్యండి."

ఆమె సరే అన్నారు, నెలాఖరు దాకా మాత్రమే.

సహస్ర అరలన్నీ తిరిగి తిరిగి ఒక పసుపు స్టిక్కరు పుస్తకం పట్టుకొచ్చింది. డాబా మీద ఆరేసిన బట్టలు ఒక్కొక్కటిగా తినేసే మేక కథ అది. మాధవిగారు నా చెవి దగ్గరికి వచ్చారు. "ఇది నాలుగేళ్ళ వాళ్ళది కదండీ. లిఫ్టులో మా అపార్ట్‌మెంట్ వాళ్ళెవరైనా చూస్తే?"

"మీ లాప్‌టాప్ బ్యాగుల పెట్టుకోండ్రి. అండ్ల ఏమున్నదో ఎవరు చూస్తరు?"

ఆమె నవ్వేశారు. పుస్తకం నిజంగానే బ్యాగులో పెట్టుకున్నారు.

తర్వాతి శనివారం వాళ్ళు రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. అబాకస్‌లో వేసేశారనుకున్నాను. నెలాఖరు శనివారం, సాయంత్రం రద్దీగా ఉన్న వేళ, మెట్ల మీద పరుగు వినిపించింది. సహస్ర ముందు, మేక పుస్తకం పట్టుకుని. ఆయాసపడుతూ వెనక వాళ్ళమ్మ.

"ఆంటీ, ఆ చివరి చొక్కా కూడా అది తినాలి. ఎందుకు తినలేదు? అంత ఆకలున్నప్పుడు ఒక్క చొక్కా ఎందుకు వదిలేస్తుంది?"

"ఎవరి చొక్కా అది?"

"తాతయ్యది. దాంట్లో బటన్స్ లేవు, ఇంకా ఈజీ కదా తినడం!"

సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మేక లాగా నమిలి చూపించి చెబుతూనే ఉంది. వెనక పిల్లలు పుస్తకాలు పట్టుకుని వరసలో నిలబడి వింటున్నారు.

"ఆఫీసులో పని ఎక్కువై రాలేకపోయామండి" అన్నారు మాధవిగారు. "రోజూ ఇదే మేకండి మా ఇంట్లో. నేను నిద్రమత్తులో రెండు లైన్లు వదిలేస్తే, మళ్ళీ మొదటి నుంచి చదవమంటుంది." అంటూనే, అలవాటు ఎక్కడికి పోతుంది, కూతురి భుజం తట్టి, "ఆంటీకి మోరల్ కూడా చెప్పు నాన్నా" అన్నారు.

సహస్ర వెనక్కి తిరగకుండానే, "అమ్మా, నువ్వు మ్యూట్‌లో ఉండు" అంది.

వరసంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువగా మాధవిగారే నవ్వారు. ఆ రోజు మెంబర్‌షిప్ పొడిగించుకుని, ఇంకో రెండు పసుపు పుస్తకాలు తీసుకుని వెళ్ళారు. ఒకటి కూతురికి, ఒకటి తనకట. రెండూ చేతిలోనే పట్టుకుని మెట్లు దిగారు.

అప్పటి నుంచి పదేళ్ళ లోపు పిల్లలకు ఎవరైనా వయసు చెప్పి పుస్తకం అడిగితే, ఆ రంగులో ఒకటి, కింది రంగులో ఒకటి కలిపి ఇస్తున్నాను. కిందిది ముందు చదివేస్తారు, ఆ ఊపులో రెండోది కూడా తెరుస్తారు. కథ చెప్పమని అడగడం కూడా మానేశాను. పుస్తకం అందుకుంటూ, "నాకేమన్న చెప్పాల్నా?" అంటాను. కొందరు తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతారు. వెళ్ళనిస్తాను. వాళ్ళలోనే ఒకరిద్దరు చెప్పులు వేసుకోబోయి, ఒక చెప్పుతోనే వెనక్కి వస్తారు. అప్పుడు నా చేతిలో పని ఏదున్నా పక్కన పెట్టేస్తాను.