ఎవరి కోసం వచ్చారు?

జపానులో అమగాసాకి స్టేషను వెనక సందులో ఫుసాయెకి ఒక కటింగ్ షాపు ఉంది. ఉన్నది ఒకటే కుర్చీ. మొగుడు పోయాక కత్తెర ఆవిడే పట్టింది. వయసు అరవై రెండు, మోకాళ్ళు రెండూ పాడు, నోరు మాత్రం భేషుగ్గా పనిచేస్తుంది. శనివారం సాయంత్రం ఆరు కాగానే షట్టరు దించేసి, పక్క బిల్డింగు నేలమాళిగలో కురమోతో నడిపే పాటల హాలుకి దిగిపోతుంది. అక్కడ వారం వారం నాలుగు బృందాలు వాయిస్తాయి. వాటిలో మూడింటి మోతకి చెవులు చిల్లులు పడతాయి. నాలుగోది చెమట బనీను.

చెమట బనీను అంటే యాభై దాటిన ముగ్గురు మగాళ్ళు. పాడే ఇవానె పగలంతా పైపులు బాగుచేస్తాడు. రెండో పాటలో ఎప్పుడూ తప్పుతాడు, తప్పి తనే నవ్వుతాడు. మొగుడు పోయిన ఏడాది ఫుసాయెని మొదట నవ్వించింది ఆ తప్పే.

ఒక శనివారం తలుపు దగ్గర వచ్చే నెల బృందాల పేర్లతో కొత్త కాగితం అంటించి ఉంది.

"ఇదేంటయ్యా కురమోతో, వచ్చే నెల బనీను వాళ్ళు లేరేం?"

"వాళ్ళ కోసం ఎవరూ రావట్లేదు పిన్నిగారూ."

"నేను వస్తున్నాగా, ఆరేళ్ళుగా."

"వారం వారం తలుపు దగ్గర ఎవరి కోసం వచ్చారని అడిగితే మీరు అందరి కోసం అంటారు. అందరికీ అని నా లెక్కల కాగితంలో గడి లేదు. ఎవరి పేరు చెబితే వాళ్ళకే గీత. నాదేం ధర్మసత్రం కాదు. వచ్చే శనివారం పదిమంది వాళ్ళ పేరు చెబితే సరే, లేదంటే ఇక పిలవను."

వాయించేవాళ్ళంతా తలుపు వెనకే నిలబడి వచ్చినవాళ్ళకి వంగి వంగి దండాలు పెడుతుంటే, వాళ్ళ మొహం మీదే ఫుసాయె ఒక్కరి పేరు ఎలా చెబుతుంది? అంత మర్యాదస్తురాలు. ఆరేళ్ళుగా ఆ మర్యాదతోనే ఇవానెకి గొయ్యి తవ్వింది.

సోమవారం నుంచి ఆ షాపులో గడ్డం గీయించుకున్న ప్రతివాడూ ఇరుక్కున్నాడు. మొదట టాక్సీ నడిపే నిషివాకి.

"శనివారం ఏం చేస్తున్నావ్?"

"ఇంట్లో బేస్‌బాల్ చూస్తా."

కత్తి గొంతు మీద ఆగింది. "ఏం చేస్తున్నావ్?"

"వస్తున్నాను."

"తలుపు దగ్గర చెమట బనీను అని చెప్పు. లోపల ఒక బీరు కొనుక్కో. గోడకి చేరబడకుండా ముందుకొచ్చి నిలబడు. మిగతావాళ్ళు వాయించేటప్పుడు సిగరెట్టు వంకతో బయటికి జారుకోకు."

"పాట బాగోకపోతే?"

"బాగోదు. అయినా చప్పట్లు కొట్టు. టీవీ ముందు నువ్వు కొట్టే చప్పట్లు ఎవడికి వినబడతాయి? వీళ్ళకి వినబడతాయి."

శుక్రవారానికి తొమ్మిదిమంది దొరికారు. పదో మనిషి తనే.

శనివారం కురమోతో కలం పట్టుకుని కూర్చున్నాడు. "ఎవరి కోసం వచ్చారండీ?"

"కటింగ్ షాపు ఆవిడ భయానికి," అన్నాడు నిషివాకి. వెనక నుంచి డొక్కలో ఒక పోటు పడింది. "చెమట బనీను," అని సర్దుకున్నాడు.

తొమ్మిది గీతలు పడ్డాయి. ఫుసాయె వంతు వచ్చింది. తలుపు వెనక జుట్టుకి ఆకుపచ్చ రంగేసిన కుర్ర గాయకుడు, "వచ్చినందుకు థాంక్స్ పిన్నిగారూ," అంటూ నడుం విరిగేలా వంగాడు. వాడి పక్కన ఇవానె తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

"ఎవరి కోసం?"

"అంద..." అలవాటైన నాలుక అక్కడిదాకా వెళ్ళిపోయింది. ఫుసాయె దాన్ని పళ్ళ మధ్య పట్టి ఆపింది. చెవులు కాలిపోతున్నాయి.

"చెమట బనీను. వాళ్ళొక్కళ్ళ కోసమే. ఒరే ఆకుపచ్చ జుట్టూ, ఏడవకు, నీకూ చప్పట్లు కొడతాలే."

"పర్లేదు పిన్నిగారూ. మేం వాయించేటప్పుడు మీరు కునుకు తీయడం ఎప్పుడో చూశాం," అన్నాడు వాడు.

కురమోతో పదో గీత గీసి, తలుపు మీది కాగితంలో వచ్చే నెల గడిలో చెమట బనీను అని రాశాడు. ఇవానె వచ్చి తల నేలకి తగిలేంత వంగాడు.

"లే. ఈసారికి నేను తోలుకొచ్చాను," అంది ఫుసాయె. "వచ్చే నెలకి వీళ్ళని రప్పించాల్సింది నువ్వు. పో, వాయించు."