నిస్సీ చూడని మెట్లు

నిస్సీది బద్వేలు పక్క పల్లె. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, జయపాల్‌ను పెళ్లి చేసుకుని కడపకు వచ్చినాక, భూపేష్ రెడ్డి అనే ఇంజనీరు ఆఫీసులో ఇండ్ల ప్లాన్లు గీసే పనికి కుదిరింది. ఒక్కో ప్లానుకు రెండు మూడు రోజులు పట్టేది. వంటిల్లు ఎటు పెట్టాలి, మేడ మెట్లు ఎటు తిప్పాలి అని అన్నం వండుకుంటూ కూడా ఆలోచించేది. పునాది తీయకముందే ఆ ఇంట్లో తిరిగొచ్చినట్టుండేది ఆమెకు.

పోయినేడు భూపేష్ కొత్త ఏఐ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. స్థలం కొలతలు, గదులెన్నో చెబితే చాలు, టీ చల్లారేలోపు ప్లాను గీసి పెడుతుంది. ఆ నెలలోనే ఆమెతోపాటు పనిచేసే వంశీని, దావీదురాజును మానిపించారు. వంశీ పలకరించకుండానే వెళ్లిపోయాడు. దావీదురాజు మాత్రం "నిన్ను ఉంచుకున్నారు, అదృష్టవంతురాలివక్కా" అన్నాడు.

తననెందుకు ఉంచుకున్నారో ఆమెకు అర్థం కాలేదు. అడగాలంటే భయం, అడిగితే తానూ ఉన్నానని గుర్తుచేసినట్టవుతుందని. ఇప్పుడు గీసే పని లేదు. ఏఐ గీసినవి ఒకదాని వెనక ఒకటి వస్తుంటే చూసి, 'తనిఖీ చేసినవారు' అన్న చోట తన పేరు పెట్టాలి. మొదట్లో గీత గీత చూసేది. పోనుపోను వేగం పెంచమన్నారు, పెంచింది.

ఒక మధ్యాహ్నం, చిన్నచౌకులో ఇల్లు కట్టిస్తున్న గురమ్మ ఫోన్ చేసింది.

"పాపా, మెట్లెక్కుతాంటే బీము తగిలి మా ఇంటాయనకు నుదురు పగిలింది. ఇదేం ప్లాను? నువ్వొచ్చి చూడు."

నిస్సీ ఆటో ఎక్కి పరుగున పోయింది. స్లాబు కింద ఆనించిన సెంట్రింగు చెక్కలు అప్పుడే విప్పినారు. మెట్లు మలుపు తిరిగే చోట నెత్తి మీదికే దిగి ఉంది బీము. గురమ్మ భర్త సిమెంటు బస్తా మీద కూర్చుని నుదుటికి తువ్వాలు అదుముకుంటున్నాడు.

"శానా రక్తమేం పోలేదులేమ్మా, కూచో," అన్నాడు.

తిట్టినా బాగుండేదనిపించింది. మేస్త్రీ దగ్గరున్న ప్లాను తీసుకుని విప్పింది. మూలన తన పేరే. కానీ ఆ ప్లాను చూసినట్టు ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. తప్పు జరిగిందంటే ఓర్చుకునేదేమో, అసలు ఆ ఇల్లే తన కళ్ల ముందుకు రాలేదు. ఇట్లాంటివి ఇంకెన్ని లేస్తున్నాయో, ఏ వీధుల్లోనో!

ఆఫీసుకు తిరిగొచ్చి చెబితే భూపేష్ తల కూడా ఎత్తలేదు. "బీము కొంచెం చెక్కిస్తే సరిపోతాది."

"బీము చెక్కకూడదు సార్. మెట్లు పగలగొట్టి మళ్లీ కట్టాల."

"ఆ మాట నువ్వే పోయి చెప్పు. పేరు నీది ఉండాది కదా."

కోపంగా కూడా అనలేదు. తననెందుకు ఉంచుకున్నారో అప్పుడు తెలిసింది నిస్సీకి.

సాయంత్రం గురమ్మ దగ్గరికి పోయి నిలబడింది. "నేను సరిగ్గా చూడలేదమ్మా. తప్పు నాదే."

"గీసింది నువ్వే గదా?"

"నేను గీయలేదమ్మా."

"మరి ఎవరు గీసినారు?"



మరునాడు గురమ్మ ఆఫీసుకే వచ్చి కూర్చునేసరికి, భూపేష్ సణుక్కుంటూనే మెట్లు తిరిగి కట్టించాడు. ఆమెను మానిపించలేదు. అప్పట్నుంచి ఆమె ప్రతి ప్లానులో మెట్లను కాగితం మీద తానే మళ్లీ గీసుకుని గానీ పేరు పెట్టడం లేదు. పని పేరుకుపోతోంది. మొన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి వచ్చి, ఇక తనిఖీ కూడా అదే చేసుకుంటుందని భూపేష్‌కు చెబుతుంటే బయటికి వినబడింది. ఆ ఉద్యోగం ఇంకెన్నాళ్లో ఆమెకు తెలియదు. దాని గురించి భయపడే తీరిక కూడా ఇప్పుడామెకు లేదు.

ఆదివారం చర్చి వదలగానే జయపాల్ బండి వెనకెక్కి, తాను ప్లానులో పేరు పెట్టిన ఇండ్లు వెతుక్కుంటూ పోతుంది. ఊరికే చూడ్డానికొచ్చామని చెప్పి లోపలికి వెళ్లి, తలపైకి చేయెత్తి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఇంతవరకు చేతికేమీ తగల్లేదు. పోయిన వారం నాలుగో ఇంటి నుంచి బయటికొస్తుంటే, ఎండలో బండి దగ్గర నిలబడి విసిగిపోయిన జయపాల్ అడిగాడు.

"ఇంకా ఎన్ని ఉండాయి?"

"తెలీదు," అంది నిస్సీ. "పద, ఆ పక్క వీధిలో ఒకటుండాది."