కండ్లు పైలం

మా కొత్తూరు ఫ్యాక్టరీలో వెల్డింగ్ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మిషన్ అంటించే ముందు ప్రతిసారీ "కండ్లు పైలం!" అని అరిచేవాడు. ఆ కేకకు షెడ్డులో అందరం ముఖాలు పక్కకు తిప్పుకునేవాళ్లం. దగ్గర్లో పిల్లి కూర్చున్నా దానికీ చెప్పేవాడు.

ఒకరోజు ఆ మిషన్‌కు కేబుల్ లాగి, ఇక మనిషి లేకుండానే నడిచేలా ఆఫీసు గదిలోని నా కంప్యూటర్‌కు కలిపారు. మిషన్ అమ్మినవాళ్ల ఇంజనీరు నా పక్కన కూర్చుని బటన్ నొక్కాడు. కిటికీ అవతల షెడ్డులో మిషన్ దగ్గరే నిలబడ్డ మేస్త్రీ ముఖం మీద భగ్గున మెరిసింది. ఆయన రెండు చేతులతో కండ్లు మూసుకున్నాడు.

"జర చెప్పాలె గద, బిడ్డా."

ఇంజనీరు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

నెల తిరక్కముందే మేస్త్రీని పనిలోంచి తీసేశారు. అదీ ముందుగా చెప్పలేదు. పొద్దున డ్యూటీకి వస్తే గేటు దగ్గర చెప్పారు. వెల్డింగ్ అద్దం అప్పజెప్పడానికి షెడ్డు దాకా వచ్చాడు. అంతలో కంప్యూటర్ పెట్టిన టైముకు మిషన్ మొదలవబోతోందని దాని మీద ఎర్రలైటు వెలిగింది. తలుపు దగ్గర్నుంచే ఆయన గొంతెత్తి అరిచాడు.

"కండ్లు పైలం!"

ముఖం తిప్పుకోడానికి షెడ్డులో ఒక్క మనిషి లేడు.