కొంగులో మిగిలిన రాయి

సాయంత్రం దోర్నాల బస్సులో నా పక్కన కూర్చున్నామె టికెట్ కోసం కొంగుముడి విప్పితే, చిన్న కంకరరాయి ఒళ్లో పడింది. ఆమె మొహం పాలిపోయింది.

"ఏందక్కా?" అన్నాను మెల్లగా.

"మార్కాపురంలో పని కాడ ఇసక టిప్పర్ల లెక్క నాదేమ్మా. బండికొక రాయి కొంగున ముడేసుకొని, పని దిగేటప్పుడు మేస్త్రీకి ఇస్తా. ఇదొకటి ఉండిపోయింది. లెక్కలో ఒక లోడు తగ్గితే డ్రైవరు అమ్ముకున్నాడంటారు."

"రేపు చెప్పకూడదా?"

"రాత్రంతా ఆయన దొంగగానే ఉండాల్నా తల్లీ?"

బస్సు ఆపమన్న ఆమె పిలుపు ఇంజను మోతలో కండక్టరుకు వినపడలేదు. కాలేజీలో హాజరు కూడా గట్టిగా పలకని నేను లేచి, "బస్సాపండి" అని అరిచాను.

బస్సులో వాళ్లంతా నావైపు తిరిగారు. నేను మాత్రం, బస్సు దిగి రాయిని పిడికిట్లో బిగించి వెనక్కి మార్కాపురం వైపు నడుస్తున్న ఆమెనే చూస్తూ నిలబడ్డాను.