మిషనుకి వంతులు

మొన్న అమలాపురం నుంచి ఐనవిల్లికి ఆటోలో వెళ్తుంటే తడి కొబ్బరి పొట్టు వాసన గుప్పున తగిలింది. రోడ్డు పక్క షెడ్డులో పీచు మిషను ఆడుతోంది. పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గట్టిగా ఊపిరి పీల్చాను. నా పిల్లలు పెరిగింది ఆ వాసన మీదే. వెంటనే ఎస్తేరు పిన్ని గుర్తొచ్చింది. వరసకు ఏమీ కాదు, పిలుపుకు పిన్ని. కొబ్బరి డొక్కలు బాదే మా ఎనిమిది మంది ఆడవాళ్ళ ముఠాకు ఆమె పెద్ద; ఆమె కూతురూ మాలో ఒకతె.

అప్పట్లో కాయల నుంచి ఒలిచి కాలువలో నానబెట్టిన డొక్కల్ని కర్రలతో బాది పీచు తీసేవాళ్ళం. పని ఉంటే షెడ్డు ఓనరుగారు ముఠాకు కబురు పంపేవారు, ఎనిమిది మందిమీ వెళ్ళేవాళ్ళం. ఒకరిని పిలిచి ఇంకొకరిని ఆపడం మా వాడుకలో లేదు. ఒక ఏడు దసరా వెళ్ళిన మూడో రోజున (తేదీల విషయంలో నేను పొరపాటు పడను) లారీలో పీచు మిషను దిగింది. ఇక రోజుకు ఇద్దరుంటే చాలన్నారు. అప్పటికి మా ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడి, కాలు విరిగి మంచంలో ఉన్నారు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

ఓనరుగారు పిన్నిని లోపలికి పిలిచారు. మేం గుమ్మం బయట నిలబడి వింటున్నాం.

"ఎస్తేరమ్మా, నువ్వూ మీ అమ్మాయీ ఉండిపోండి. కూలి రెట్టింపు ఇస్తాను. మిగతావాళ్ళకి నువ్వే చెప్పు."

నేను గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"రెట్టింపు ఇవ్వండి, కాదనను. కానీ మేం ఎనిమిది మందిమీ వంతులు వేసుకుంటామండీ," అంది పిన్ని.

"మిషనుకి వంతులేంటి?"

"తమరి చేలకి కాలువ నీళ్ళు వంతుల్లోనే కదండీ వచ్చేది. పైచేను ఆయనే అంతా పెట్టేసుకుంటే తమరు ఊరుకుంటారాండీ?"

"అది కాలువ. ఇది నేను కొన్న మిషను. ఇంతమంది చేతులు పడితే పాడైపోద్ది."

"ఆయ్. మరి ఆ ఇద్దరికీ జ్వరం వచ్చిన రోజున ఎవరాడిస్తారండీ? తమరు పంచె ఎగ్గట్టి దిగుతారా?"

మాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరుగారు కూడా నవ్వు ఆపుకుని, "సరే, ఒక్క నెల చూస్తాను," అన్నారు.

దారిలో కూతురు పిన్ని మీద విరుచుకుపడింది. "చేతికొచ్చిన పని ఊరందరికీ పంచేసేవు కదమ్మా!"

"రేపు పొద్దున్న రేవులో వీళ్ళ మొహాలు చూడద్దటే?" అంది పిన్ని.

నా వంతు వచ్చిన రోజు ఆ రొదకే రెండడుగులు వెనక్కి వేశాను. పిన్ని నా మణికట్టు పట్టుకుంది. "అది డొక్కని నమలడానికొచ్చింది, నిన్ను కాదే. కొంగు దోపు. జడ ముడెయ్యి. చెయ్యి ఇక్కడిదాకే, గుర్తెట్టుకో." ఎనిమిది మందికీ అలాగే నేర్పింది. నెల గడిచినా ఓనరుగారు వంతుల మాట మళ్ళీ ఎత్తలేదు.

లెక్క కడితే మా చేతికి వచ్చింది పాత సంపాదనలో సగమే. నాలుగు రోజులకు ఒక రోజు పని, కూలి రెట్టింపు. మిగతా రోజులు నాట్లకూ కోతలకూ పోయాం. ఓనరుగారు ఆ మిషను రాబడితోనే మేడ కట్టారు. ఆ తేడా నాకు కనబడలేదని చెప్పను. కానీ తరువాత చుట్టుపక్కల ఊళ్ళలో పీచు షెడ్లు వెలిసినప్పుడు, మిషను తెలిసిన ఆడవాళ్ళ కోసం వాటి ఓనర్లు వెతుక్కుంటూ మా పేటకే వచ్చారు. ఎనిమిది మందికీ పని దొరికింది. మా ఆయన లేచి నడిచేదాకా మా పొయ్యి ఆరలేదు. పిల్లలు బడి మానలేదు.

పిన్ని పోయి చాలా ఏళ్ళయింది. ఎక్కడైనా కొత్త మిషను పెట్టారంటే నేను ఇప్పటికీ చూడటానికి వెళ్తాను. అందరూ లోపలికి పోయి అది ఎంత జోరుగా ఆడుతోందో చూస్తారు. నేను కాసేపు గేటు దగ్గర ఆగి, బయట ఉండిపోయినవాళ్ళు ఎందరో లెక్కపెట్టుకుంటాను.