మా అక్క నస

మా చిన్నప్పుడు... రాయ్‌పూర్‌లో మా స్కూలువాళ్ళు తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలను బస్సెక్కించి ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. వైద్యంలో డాక్టరు ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయని చూపించడానికి! అక్క పది, నేను తొమ్మిది. బస్సు తెలీబంధా చెరువు దాటేలోపే అమ్మ కట్టిచ్చిన పులిహోర ఖాళీ...

ల్యాబు చూపించారు, ఎక్స్‌రే గది చూపించారు. చివరికి ఒక పెద్ద నర్సమ్మ మమ్మల్ని చుట్టూ నిలబెట్టి, తన చెయ్యి చాపి, "బేటా, పహలే నస్ ఢూండో" అంది... ముందు నస్ వెతకమని.

అంతే... అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వాం. హిందీలో నస్ అంటే రక్తనాళం. మా ఇంట్లో మాత్రం నస అంటే అక్కే! రిబ్బను కావాలన్నా, జామకాయ కావాలన్నా ఇచ్చేదాకా వదిలేది కాదు. "నీ నసతో నా పేణం తోడేస్తన్నావే" అని అమ్మ రోజూ తిట్టేది. రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం మాది... ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ.

నర్సమ్మ కోప్పడలేదు. అక్కనే పిలిచి, "ఆంఖ్ సే నహీ, ఉంగలీ సే" అంది. కంటితో కాదు, వేలితో వెతకమని. అక్క కళ్ళు మూసుకుని ఆవిడ చేతి మీద వేలు జరుపుతూ ఒకచోట ఆగింది. ఆవిడ అక్క భుజం తట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరి చేతికీ విశ్రాంతి లేదు. నాన్న అన్నం తింటుంటే ఎడంచెయ్యి పట్టుకుని వెతికేది.

"నర్సునవుతాను" అంటే నాన్న ఒప్పుకోలేదు. "రేత్రి డ్యూటీలు మనకొద్దమ్మా" అన్నాడు. అక్క ఊరుకుంటుందా! టీ దగ్గర నస... డ్యూటీకి బయల్దేరితే సైకిలు పట్టుకుని నస... చివరికి, "నీకో దండం తల్లీ, చదువుకో" అన్నాడు. ఉద్యోగం వచ్చాక కాలనీ అంతా తిరిగి, "నస పెట్టి నస పట్టింది మా పిల్ల" అని చెప్పుకుని మురిసిపోయాడు.

నర్సయ్యాక నస ఇంకా పెరిగింది. అమ్మకి బీపీ వచ్చింది కదా... రోజూ ఆసుపత్రి నుంచి ఫోను. "అమ్మా, గోలీ ఏసుకున్నావా?"

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు, వార్డులో పనిచేస్తూ తనే మంచాన పడింది. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వీడియో కాల్‌లో ఆయాసపడుతూనే నవ్వింది. "వీళ్ళకి నా నస దొరకట్లేదే... కొత్త పిల్ల, కంటితోనే ఎతుకుతంది పాపం. ఉంగలీ సే అని నేనే చెప్పాను" అంది. ఆ వెంటనే, "అమ్మ గోలీ ఏసుకుందా?" అంది.

అవే అక్క చివరి మాటలు.

ఇప్పుడు మా పాప కూడా తొమ్మిదో తరగతికి వచ్చింది. ఏం చదవాలో చెప్పడానికి స్కూలువాళ్ళు ఫోన్‌కి ఒక వీడియో పంపారు. చెయ్యి చాపి, పట్టుకుని చూడమనేవాళ్ళు లేరు.

అమ్మ మాత్రం రోజూ గోలీ అరచేతిలో పెట్టుకుని ఫోను వైపు చూస్తూ కూర్చుంటుంది. వేసుకోమంటే, "ఉండవే... అదింకా అడగలేదు" అంటుంది.

మీ ఇంట్లో నస పెట్టేది ఎవరు? వాళ్ళ కబుర్లు కింద రాయండి... ఈ పూట వాళ్ళని విసుక్కోకండి.