గజం మీద ఎర్రదారం

పోయిన నెల ఈ అరబ్బు దేశంలో, రువీ బజారులో, తుపాకుల దుకాణం గాజు తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే ఆ వాసన నా ముక్కుకు తగిలింది. పైన పల్చటి యంత్రాల నూనె, దాని అడుగున పాత ఇనుము, ఇంకా అడుగున ఎక్కడో తోలు. మబేలాలో నేను పద్నాలుగేళ్లుగా వండిపెడుతున్న ఇంటి పెద్దాయన, ఇక్కడి వాడుకలో నేను మామా, అంటే అమ్మా, అని పిలిచే ఆయన భార్య, వాళ్ల కొడుకు ఆ రోజు నన్ను వెంటబెట్టుకు వచ్చింది తుపాకులు చూపించడానికి కాదు. హమ్రియా అంగళ్లలో నాకు రాగిపిండి, కరివేపాకు కొనిపెట్టి, పనిలో పనిగా ఆ దుకాణానికీ పోయొద్దామని. కడప జిల్లా రమణమ్మను తుపాకుల గురించి ఎవరేం అడుగుతారులే అని నేను నిమ్మళంగానే ఉన్నాను.

బర్కా వైపు వాళ్లకు ఖర్జూరం తోట, నలభై యాభై మేకలు ఉన్నాయి. ఈ చలికాలం వీధికుక్కలు గుంపులు గుంపులుగా వచ్చి మేకపిల్లల మీద పడుతున్నాయి. పెద్దాయన లైసెన్సు కాగితాలన్నీ పూర్తి చేసుకుని, పికప్‌లో సీటు వెనక పట్టేంత చిన్న తుపాకి, సన్న తూటాది, ఒకటి తీసుకుందామనుకున్నాడు. మేకలు బెదరకుండా చప్పుడు తక్కువ ఉండాలి, ఇసుకకూ సముద్రపు గాలికీ తట్టుకోవాలి, డెబ్బై ఏళ్ల భుజానికి బరువు కాకూడదు. ఆయన కోరింది అంతే. కొడుకు మాత్రం వరసగా పది తూటాలు మింగి, మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేలి తర్వాతిది దానంతటదే ఎక్కేది కావాలని పట్టుబట్టాడు. ఇంట్లో వారం నుంచి ఇదే వాదన. నాకు మాత్రం అన్నం సయించడం లేదు. ఎందుకంటే ఆ పికప్ మా మరియం ఆటల ఇల్లు. మరియం ఆ కొడుకు కూతురు, ఆరేళ్లది, పుట్టిన నలభయ్యో రోజు నుంచి నా చేతుల్లో పెరిగింది. పికప్ ఆగి ఉంటే చాలు, ఎక్కి కూర్చుని స్టీరింగ్ తిప్పుతుంది, సీట్ల కిందా వెనకా చేతులు పెట్టి వెతుకుతుంది. దాని చేతికి ఏది అందుతుందో అన్నదే నా బెంగ.

ఆ బెంగ ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. మా నాయన దగ్గర తుపాకి ఉండేది.

మాది కొండ కింద పల్లె. వానలు వెనకబట్టి చెనిక్కాయ, అదే వేరుశనగ, చెట్లు పెరికే నెల వచ్చిందంటే ఊరంతా పచ్చిమట్టి వాసనే, ఇంట్లో నేలమీద, మంచాల కింద, కుండల్లో, లంగాల కుచ్చిళ్లలో ఎక్కడ చూసినా చెనిక్కాయలే. పొద్దున ఉప్పేసి ఉడకబెట్టినవి, మధ్యాహ్నం సంగటిలోకి ఊరిబిండి పచ్చడి, సాయంత్రం బెల్లంపాకంలో ఉండలు, దీపావళికి కజ్జికాయల్లో పొడి, మధ్యలో ఆకలైనా కాకపోయినా నమలడానికి జేబునిండా పచ్చికాయలు. మేం ఆడపిల్లలం అరుగు మీద అచ్చనగాయలు కూడా వాటితోనే ఆడి, ఓడినవాళ్ల కాయలు వలుచుకు తినేవాళ్లం. మా అమ్మ వచ్చి, "విత్తనంకాయలే మీకు, నోట్లో మన్నుబడ!" అని తిట్టి, తిట్టిన నోటితోనే ఇంకో గుప్పెడు పోసి పోయేది.

మాకంటే ముందు ఆ వాసన పట్టేవి కొండ మీది పందులు. ఒక్క రాత్రి వదిలేస్తే చేను దున్నినట్టే. అందుకే నాయనకు పంట కాపలా కోసమని లైసెన్సుతో ఒక నాటు తుపాకి ఉండేది, నా కంటే పొడుగు. దానితో ఆయన పందిని చంపగా నేను చూడలేదు, చప్పుడు చేసి తరిమేవాడు. సాయంత్రం మంచె ఎక్కేముందు చేటంత నేల ఊడ్చుకుని, దానిమీద గోనె పరిచి, తుపాకిని నిలబెట్టి, కొమ్ములోంచి మందు కొలిచి గొట్టంలో పోసి, కొబ్బరిపీచు ఉండచేసి పెట్టి, గజంతో, అంటే గొట్టం కింద ఉండే పొడుగాటి ఇనుప కడ్డీతో, దట్టించి, గుండ్లు వేసి, మళ్లీ పీచు పెట్టి, మళ్లీ దట్టించి, చివరికి మినపగింజంత రాగి టోపీని సుత్తి కింద పెట్టేవాడు. నిప్పు పుట్టించేది ఆ టోపీయే. అది తీసేస్తే తుపాకి పేలదు. కానీ కూరిన మందు లోపలే ఉంటుంది. గొట్టానికి వెనక తెరిచే దారి లేదు, లోపల ఏముందో చూడటానికి కన్ను పనికిరాదు.

అందుకే నాయన గజానికి ఎర్రదారం కట్టాడు. గజం లోపలికి జారవిడిచినప్పుడు దారం సరిగ్గా గొట్టం మూతి దగ్గర ఆగితే ఖాళీ. నాలుగు వేళ్లు పైకి నిలిస్తే నిండినట్టు. తుపాకి ముట్టుకోవడానికి నాకు అనుమతి లేదు గానీ, వేళ్లు పెట్టి కొలిచే పని మాత్రం నాదే. "ఎన్ని వేళ్లమ్మీ?" అని ఆయన అడిగితే, నా చేతిని మూతి దగ్గర ఆనించి చెప్పేదాన్ని. పొద్దున మంచె దిగేముందు మిగిలిన మందును గాల్లోకి పేల్చేసి ఇంటికి రావడం ఆయన అలవాటు. మా అవ్వ ఆ చప్పుడు విన్నాకే పొయ్యి రాజేసేది.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. మా ఊళ్లో అదొక తిరణాల. నాయన తలంటు పోసుకుని, తెల్లపంచె కట్టి, చేలో అందరి ముందూ కొత్తగా మందు కూరి ఆఖరిసారి పేల్చి, ఖాళీ తుపాకిని భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. నా తొమ్మిదో ఏట అట్లాంటి రోజే, తెల్లవారుజామున మా బర్రె ఈనింది. దూడ బెదురుతుందని నాయన ఆ పూట మందు పేల్చకుండా టోపీ మాత్రం తీసేసి, తుపాకిని గోడకు తగిలించి, స్నానానికి పోయాడు.

అప్పుడు వచ్చాడు మా చిన్నాయన ఓబులేసు, నాయన తమ్ముడు. పాతికేళ్లవాడు. ఒక్కసారి మందు కూరనివ్వమని అన్నను ఏళ్లుగా బతిమాలుతున్నాడు, ఆయనేమో ఒప్పుకోడు. పొద్దునే పేల్చేసి ఉంటాడుకదా, తుపాకి ఖాళీయేకదా అనుకుని గోడ మీది నుంచి దించి, గజం జారవిడిచి చూడకుండా, గబగబా మందు పోసి దట్టించాడు. అరుగు మీద కూర్చుని కజ్జికాయ తింటూ నేనంతా చూస్తూనే ఉన్నాను. ఆయన దట్టించడం అయ్యేసరికి ఎర్రదారం చాలా పైన నిలిచింది. పీచు ఎక్కువ పెట్టాడేమో అనుకున్నాను.

"అమ్మీ, మీ నాయనకు చెప్పగాకు. పేలినాంక నేనే చెప్తా. నా తలకాయ మీద చెయ్యిపెట్టి ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. ఒట్టు తప్పితే ఆ తల పగిలిపోతుందని మాకు గట్టి నమ్మకం.

నాయన వచ్చి మందుకొమ్ము అడక్కుండానే తుపాకి అందుకుంటే, తను కూరడం అన్న చూసి మెచ్చుకున్నాడనుకుని చిన్నాయన ఉబ్బిపోయాడు. చేలో జనం మూగారు. చిన్నాయన అవతల పిల్లల్ని వెనక్కు తోలుతున్నాడు. నాయన పక్కనున్న రైతుతో, "రాత్రి కూరిందే ఉండాది. బర్రె ఈనిందని పేల్చలా. ఇప్పుడు పేల్చేసి పోతా" అని టోపీ పెట్టబోయాడు.

నా చేతిలోని కజ్జికాయ జారిపోయింది. రాత్రి కూరింది ఒకటి, పొద్దున కూరింది ఒకటి. పక్క ఊళ్లో ఒకాయన ఇట్లాగే రెండుసార్లు కూరిన తుపాకి పేల్చబోతే గొట్టం పగిలి ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. ఆ చేత్తోనే ఆయన సంతలో మాకు బొరుగులు కొలిచి పోసేవాడు. చెబితే చిన్నాయన తల, చెప్పకపోతే నాయన ప్రాణం. తొమ్మిదేళ్ల బుర్రకు అంతకు మించి తోచలేదు. ఇప్పుడు తల్చుకుంటే నవ్వూ, ఒళ్లు జలదరింపూ రెండూ వస్తాయి: నేను ముందు నాయన దగ్గరికి పరిగెత్తలేదు, చేను గట్టు దగ్గరికి పరిగెత్తాను. నెత్తిమీద నుంచి తీసినట్టు రెండు చేతులా ఆ ఒట్టును తీసి, "ఒట్టు తీసి గట్టు మీద పెడ్తాండా" అని మూడుసార్లూ అని, అప్పుడు వెనక్కి తిరిగి గొంతు చించుకున్నాను.

"నాయనా, కాల్చగాకు! దాంట్లో రెండు మందులుండాయి!"

సుత్తి అప్పటికే ఎత్తి ఉంది. నాయన ముందు టోపీ తీసి నోట్లో పెట్టుకుని, సుత్తిని మెల్లగా దించి, గజం లాగి గొట్టంలోకి జారవిడిచాడు. నన్ను పిలిచి, ఎప్పటిలాగే, "ఎన్ని వేళ్లమ్మీ?" అన్నాడు. నా చెయ్యి ఒకటి చాలక రెండో చెయ్యి పైన పెట్టాను. ఎనిమిది.

"ఓబులేసూ, గజం దింపినావా?"

"ల్యాదన్నా" అని చిన్నాయన ఉన్నచోటనే మట్టిలో కూలబడ్డాడు. నాయన గొట్టంలో చెంబెడు నీళ్లు పోసి మందు చెడగొట్టి, తర్వాత గజం చివర బిగించిన మరమేకుతో ముద్దంతా బయటికి లాగాడు. ఆ వారమంతా నేను పేలు చూస్తానని చెప్పి రోజూ చిన్నాయన తల వెతికేదాన్ని. ఎక్కడా పగుళ్లు కనపడలేదు.

ఎలక్షన్లు అయ్యాక నాయన టోపీలు కొనడానికి కడప పోతూ నన్నూ తీసుకుపోయాడు. దుకాణంలో ఇదే నూనె వాసన. అక్కడ ఒక చిన్న తుపాకి చూపించారు. వెనకవైపు ఉండే ఇనుప గడియను లాగి బయటికి తీస్తే గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు తెరుచుకుంటుంది. నాయన నన్నెత్తుకుని చూడమన్నాడు. గుండ్రటి వెలుతురు, అందులో ఎదురుగా సోడా దుకాణం, రంగురంగుల సీసాలు. "చూస్తివా అమ్మీ, ఉత్త కన్నుతో తెలిసిపోతాది. ఎవురి వేళ్లతో పన్లేదు" అన్నాడు. ఆయన లైసెన్సు నాటు తుపాకికి మాత్రమే. దాన్ని కొనడం కుదరదని ముందే తెలుసు. తన చేతి మరకలు తువ్వాలుతో తుడిచి భద్రంగా తిరిగి ఇచ్చేశాడు. బస్సులో ఇల్లు చేరేదాకా దాని సంగతే చెప్పాడు.

రువీ దుకాణంలో తండ్రీ కొడుకుల వాదన తెగక, పెద్దాయన నవ్వులాటకు నా వైపు తిరిగి హిందీలో, "రమా, మీ నాన్న దగ్గర తుపాకి ఉండేదన్నావుగా, నువ్వు చెప్పు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. మరియం సంగతీ, ఎనిమిది వేళ్ల సంగతీ వచ్చిన భాషలన్నీ కలిపి చెప్పేశాను. గడియ లాగి చూసుకునేది, ఆ గడియ ఊడదీసి వేరే చోట దాచుకోగలిగేది తీసుకొమ్మన్నాను. కొడుకు ఏదో అనబోయి, కూతురి పేరు వినగానే ఆగిపోయాడు. దుకాణంవాడు ఒక పొట్టి తుపాకి తెచ్చి గడియ ఊడదీసి పెద్దాయనకు ఇస్తే, ఆయన చూసి నాకు అందించాడు. గుండ్రటి వెలుతురు. అందులో రోడ్డు అవతల పళ్లరసం దుకాణం. వారం రోజులుగా గుండె మీద ఉన్న బరువు దిగిపోయి, అక్కడే ఏడ్చేశాను. మామా నా వీపు నిమిరింది.

ఇప్పుడు తుపాకి పికప్ సీటు వెనక, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది, గడియ మామా బీరువాలో. తోటకు బయల్దేరే ప్రతి గురువారం పెద్దాయన నన్ను పిలిచి చూడమంటాడు, నేను చూసి ఖాళీ అంటాను. మరియం స్టీరింగ్ తిప్పుతుంటే నాకు అన్నం సయిస్తోంది.

ఈ కథంతా మొన్న శుక్రవారం చిన్నాయనకు ఫోన్‌లో చెప్పాను. అరవై దాటాయి, పళ్లు లేవు. నాయన పోయాక ఆ నాటు తుపాకి స్టేషన్లోనే ఉండిపోయిందట, ఎవరూ అడగలేదట. కొండ కింద చెనిక్కాయ వేసేవాళ్లు లేరు, పందులూ రావట్లేదు.

"నీ తలకాయ ఎట్లుంది చిన్నాయనా?" అన్నాను.

"బాగనే ఉండాదమ్మీ. నువ్వు ఒట్టు పెట్టిన గట్టే ల్యాదు. ఆడంతా చదును జేసి సోలారు పలకలేసినారు."

తర్వాత ఆయన గొంతు తగ్గించి అడిగాడు, "అమ్మీ, ఆ కొత్త తుపాకిలో వెలుతురు బాగ కనపడిందా?"

"బాగ కనపడింది చిన్నాయనా" అన్నాను.